క్రిప్టోకరెన్సీ సముదాయాల దాతృత్వం

బిట్‌కాయిన్, ఈథర్, డోజ్‌కాయిన్ వంటి క్రిప్టోకరెన్సీలను కొని దాచుకునేవారు, వాటితో లావాదేవీలు జరిపేవారు, వాటి సాఫ్ట్‌వేర్ రాసేవారు కలిసి ధర్మకార్యాలకు నిధులు సమకూర్చడాన్ని క్రిప్టోకరెన్సీ సముదాయాల దాతృత్వం అంటారు. 2011 ప్రాంతంలో కొద్దిపాటి విరాళాలతో మొదలైన ఈ పద్ధతి 2021లో భారతదేశపు కోవిడ్ సహాయంలోనూ, 2022లో ఉక్రెయిన్ యుద్ధకాల సహాయంలోనూ కోట్ల డాలర్ల స్థాయికి చేరింది. బ్యాంకుల ప్రమేయం లేకుండా దేశాల సరిహద్దులు దాటి నిమిషాల్లో సొమ్ము చేరడం దీని ప్రధాన లక్షణం. అందిన సొమ్ము మందులుగా, ఆహారంగా, బడులుగా మారాలంటే మాత్రం స్థానిక చట్టాలు, బ్యాంకు ఖాతాలు, నమ్మకమైన సంస్థలు అవసరమవుతున్నాయి.

నిర్వచనం, పరిధి

ఈ వ్యాసంలో సముదాయం అంటే ఒక క్రిప్టోకరెన్సీ చుట్టూ ఏర్పడిన వ్యక్తుల గుంపు. వీరికి సభ్యత్వ పత్రాలుండవు, ఒక దేశమంటూ ఉండదు. చాలామంది మారుపేర్లతోనే వ్యవహరిస్తారు. వీరు తమ దగ్గరున్న నాణేలను నేరుగా ఇవ్వడం, ఇతరులను కూడగట్టి చందాలు పోగుచేయడం, తమ కంప్యూటర్ల శక్తిని దానంగా ఇవ్వడం ఈ పరిధిలోకి వస్తాయి. క్రిప్టో కంపెనీలు సొంత లాభాల నుంచి చేసే దానాలు దీనికి దగ్గరివే అయినా సామాజిక బాధ్యత కిందికి వస్తాయి. సహాయ సంస్థలు తమ లెక్కల నిర్వహణకు, క్రిప్టో లావాదేవీలను నమోదు చేసే బ్లాక్‌చెయిన్ సాంకేతికతను వాడుకోవడం వేరే విషయం. ప్రపంచ ఆహార కార్యక్రమం 2017లో జోర్డాన్‌లోని ఒక శరణార్థి శిబిరంలో ప్రవేశపెట్టిన బిల్డింగ్ బ్లాక్స్ పథకం అటువంటిది.

చరిత్ర

తొలి దశ: 2011–2013

బిట్‌కాయిన్ వ్యవస్థ 2009 జనవరిలో పనిచేయడం మొదలుపెట్టింది. 2010 డిసెంబరులో పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రహస్య పత్రాలను బయటపెట్టే వికీలీక్స్‌కు వెళ్లే చెల్లింపులను ఆపివేశాయి. 2011 జూన్‌లో వికీలీక్స్ బిట్‌కాయిన్ విరాళాలను స్వీకరించడం ప్రారంభించింది. బ్యాంకు మార్గం మూసుకుపోయిన సంస్థకు కూడా విరాళం పంపవచ్చునని దీనితో తొలిసారి విస్తృతంగా తెలిసింది. అదే నెలలో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ చట్టపరమైన అస్పష్టతను కారణంగా చూపి బిట్‌కాయిన్ స్వీకరణను నిలిపివేసింది. 2013 మేలో తిరిగి మొదలుపెట్టింది.

2013లో ఫ్లోరిడా రాష్ట్రంలోని పెన్సకోలాలో షాన్స్ ఔట్‌పోస్ట్ అనే సంస్థ బిట్‌కాయిన్ విరాళాలతో ఇల్లు లేనివారికి భోజనం పెట్టింది. అదే ఏడాది ప్రారంభమైన బిట్‌గివ్ ఫౌండేషన్ 2014లో అమెరికా పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా గుర్తింపు పొందింది. ఫిలిప్పీన్స్‌ను హైయాన్ తుపాను దెబ్బతీసిన 2013లోనే సేవ్ ద చిల్డ్రన్ సంస్థ బిట్‌కాయిన్ స్వీకరించింది.

డోజ్‌కాయిన్ దశ: 2014

బిల్లీ మార్కస్, జాక్సన్ పామర్ 2013 డిసెంబరులో డోజ్‌కాయిన్‌ను సరదాకు సృష్టించారు. అప్పట్లో ఒక్కొక్క నాణెం విలువ సెంటులో చిన్న భాగమే కావడంతో దాచుకోవడం కంటే పంచిపెట్టడమే దాని సముదాయంలో అలవాటైంది. 2014 జనవరిలో ఈ సముదాయం జమైకా బాబ్‌స్లెడ్ జట్టును సోచి శీతాకాల ఒలింపిక్స్‌కు పంపేందుకు సుమారు 30,000 డాలర్ల విలువైన నాణేలను పోగుచేసింది. భారత ల్యూజ్ క్రీడాకారుడు శివ కేశవన్‌కు కూడా విరాళాలు సేకరించింది.

2014 మార్చిలో డోజ్‌4వాటర్ పేరుతో కెన్యాలోని తానా నది పరీవాహక ప్రాంతంలో తాగునీటి బావుల కోసం విరాళాల సేకరణ జరిగింది. లక్ష్యం 4 కోట్ల డోజ్‌కాయిన్లు. నాటి ధరలో అది దాదాపు 30,000 డాలర్లు. ఇందులో 1.4 కోట్ల నాణేలు పేరు చెప్పని ఒక్క దాత ఇచ్చినవే. ఆ మొత్తం ఛారిటీ: వాటర్ సంస్థకు చేరింది. ఎందరో కలిసి కొద్దికొద్దిగా ఇవ్వడం, వారి వెనుక ఒకరిద్దరు పెద్ద దాతలు నిలవడం అనే క్రమం తరువాతి సేకరణల్లోనూ కనిపిస్తుంది.

సంస్థల దశ: 2014–2020

2014లో వికీమీడియా ఫౌండేషన్, మొజిల్లా, అమెరికన్ రెడ్‌క్రాస్ బిట్‌కాయిన్ స్వీకరించడం మొదలుపెట్టాయి. 2017 చివరలో బిట్‌కాయిన్ ధర బాగా పెరిగినప్పుడు, పైన్ అనే మారుపేరు గల వ్యక్తి పైనాపిల్ ఫండ్‌ను ప్రకటించి, 2018 మే నాటికి 5,104 బిట్‌కాయిన్లను 60 సంస్థలకు పంచారు. వాటి విలువ 5.5 కోట్ల డాలర్లు. ఆ దాత ఎవరో ఇప్పటికీ బయటపడలేదు. 2018 మార్చిలో రిపుల్ కంపెనీ 2.9 కోట్ల డాలర్ల విలువైన ఎక్స్ఆర్‌పీ నాణేలను డోనర్స్‌చూజ్‌కు ఇచ్చి, అమెరికా ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు కోరిన 35 వేలకు పైగా అవసరాలను తీర్చింది.

2019 అక్టోబరులో యూనిసెఫ్ క్రిప్టోకరెన్సీ నిధిని ప్రారంభించింది. తొలి విరాళం, ఈథర్ నాణెం నడిచే ఇథీరియం వ్యవస్థకు చెందిన ఇథీరియం ఫౌండేషన్ నుంచి వచ్చింది. వచ్చిన నాణేన్ని డాలర్లలోకి మార్చకుండా అదే రూపంలో ఉంచి, అదే రూపంలో లబ్ధిదారులకు పంపడం ఈ నిధి ప్రత్యేకత. 2020 జూన్‌లో ఏడు దేశాల్లోని ఎనిమిది చిన్న సంస్థలకు 125 ఈథర్లు పంపడానికి 20 నిమిషాల లోపు సమయం, 20 డాలర్ల లోపు ఖర్చు సరిపోయాయని యూనిసెఫ్ తెలిపింది.

విపత్తుల దశ: 2021–2022

2021లో భారతదేశంలో కోవిడ్ రెండో తరంగం, 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి ఈ దాతృత్వాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చాయి. భారతదేశ ఉదంతం కోసం కింద క్రిప్టో రిలీఫ్ విభాగం చూడండి.

2022 ఫిబ్రవరి 26న ఉక్రెయిన్ ప్రభుత్వ అధికారిక సామాజిక మాధ్యమ ఖాతా బిట్‌కాయిన్, ఈథర్ చిరునామాలను ప్రకటించింది. ఒక ప్రభుత్వం యుద్ధ సమయంలో నేరుగా క్రిప్టో విరాళాలు కోరిన తొలి ప్రముఖ సందర్భం ఇది. డిజిటల్ వ్యవహారాల మంత్రి మిఖైలో ఫెదొరొవ్ దీనికి నాయకత్వం వహించారు. పోల్కడాట్ క్రిప్టోకరెన్సీ వ్యవస్థాపకుడు గేవిన్ వుడ్ 50 లక్షల డాలర్ల విలువైన నాణేలు ఇచ్చారు. కొద్ది వారాల్లోనే ప్రభుత్వానికి, కమ్ బ్యాక్ అలైవ్ వంటి స్వచ్ఛంద సంస్థలకు కలిపి దాదాపు 10 కోట్ల డాలర్ల విలువైన నాణేలు అందాయి. ఈ సొమ్ములో కొంత వైద్య సామగ్రికి, కొంత సైనికుల హెల్మెట్లకు, రక్షణ కవచాలకు ఖర్చయింది. అందువల్ల అది పూర్తిగా ధార్మిక సహాయం కిందికి వస్తుందా అనే చర్చ నడిచింది.

ఎఫ్‌టీఎక్స్ పతనం, తరువాత

ఎఫ్‌టీఎక్స్ క్రిప్టో ఎక్స్ఛేంజి అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ తన సంపదలో అధికభాగాన్ని దానం చేస్తానని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో దానాల కోసం ఎఫ్‌టీఎక్స్ ఫ్యూచర్ ఫండ్ మొదలైంది. అదే ఏడాది నవంబరు 11న ఎక్స్ఛేంజి దివాలా పిటిషన్ వేసింది. ఖాతాదారుల సొమ్మును దారి మళ్లించిన నేరానికి 2024 మార్చిలో ఆయనకు 25 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఆ నిధి నుంచి సాయం పొందిన సంస్థలు అందుకున్న సొమ్మును దివాలా ప్రక్రియలో తిరిగి ఇవ్వాల్సి వస్తుందేమోనన్న పరిస్థితిని ఎదుర్కొన్నాయి. దాత సంపద ఎక్కడి నుంచి వచ్చిందో ముందే పరిశీలించుకోవడం ఎందుకు అవసరమో ఈ సంఘటన ధార్మిక సంస్థలకు చూపింది.

రకాలు

నేరు విరాళం: సంస్థ ప్రకటించిన వాలెట్ (నాణేలు ఉంచే డిజిటల్ ఖాతా) చిరునామాకు దాత నాణేలు పంపుతాడు. మధ్యవర్తి ఉండడు. వికీలీక్స్, ఉక్రెయిన్ ప్రభుత్వం ఈ పద్ధతిని వాడాయి.

మధ్యవర్తి వేదికలు: 2018లో ప్రారంభమైన ది గివింగ్ బ్లాక్ వంటి వేదికలు సంస్థల తరఫున నాణేలు స్వీకరించి, డాలర్లలోకి మార్చి, రసీదుతో సహా అందజేస్తాయి. క్రిప్టోలో అనుభవం లేని చిన్న సంస్థలకు ఇది అనువైన మార్గం.

దాత సలహా నిధులు: దాత నాణేలను ఒక ధార్మిక నిధికి శాశ్వతంగా ఇచ్చివేసి, ఏ సంస్థకు ఎప్పుడు పంచాలో తరువాత సూచిస్తాడు. అమెరికాలోని ఫిడెలిటీ ఛారిటబుల్‌కు 2017లో 6.9 కోట్ల డాలర్ల, 2021లో 33.1 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో అందింది. ధరలు పెరిగిన సంవత్సరాల్లో దానాలు కూడా పెరిగాయనడానికి ఈ అంకెలు నిదర్శనం.

డావోలు: వికేంద్రీకృత స్వయంపాలక సంస్థలకు డావో అని పొట్టి పేరు. సభ్యులు నాణేలు ఒకచోట చేర్చి, ఖర్చు మీద ఓటు వేస్తారు. 2022లో ఉక్రెయిన్ డావో ఆ దేశ పతాకాన్ని ఎన్‌ఎఫ్‌టీగా (డిజిటల్ యాజమాన్య పత్రంగా) వేలం వేసి 2,258 ఈథర్లు, అంటే నాటి లెక్కలో సుమారు 67 లక్షల డాలర్లు సేకరించింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో వికీలీక్స్ స్థాపకుడు జూలియన్ అసాంజ్ న్యాయపోరాటానికి మద్దతుగా అసాంజ్ డావో ఒక ఎన్‌ఎఫ్‌టీని 16,593 ఈథర్లకు కొన్నది.

ఎన్‌ఎఫ్‌టీ వేలం: కళాఖండపు డిజిటల్ యాజమాన్య పత్రాన్ని అమ్మి, వచ్చిన సొమ్మును దానం చేయడం. 2021 మేలో టోర్ ప్రాజెక్టు ఈ విధంగా 500 ఈథర్లు పొందింది.

క్వాడ్రాటిక్ ఫండింగ్: పెద్ద దాతలిచ్చిన ఉమ్మడి నిధిని, చిన్న దాతల సంఖ్యను బట్టి ప్రాజెక్టులకు పంచే గణిత పద్ధతి. ఇథీరియం సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బ్యుటెరిన్, ఆయనతోపాటు జోయి హిట్జిగ్, గ్లెన్ వైల్ 2018లో దీన్ని ప్రతిపాదించారు. గిట్‌కాయిన్ వేదిక 2019 నుంచి దీన్ని అమలు చేసింది. లెక్క కోసం కింది విభాగం చూడండి.

కంప్యూటర్ శక్తి దానం: డబ్బుకు బదులు కంప్యూటర్ చేసే మైనింగ్ (లావాదేవీలను ధ్రువీకరించే లెక్కలు చేసి ప్రతిఫలంగా నాణేలు పొందే పని) ఫలితాన్ని ఇవ్వడం. 2018లో యూనిసెఫ్ సిరియా పిల్లల కోసం గేమర్లను ఈథర్ మైనింగ్ చేయమని కోరింది. అదే ఏడాది యూనిసెఫ్ ఆస్ట్రేలియా తమ హోప్‌పేజ్‌ను తెరిచి ఉంచినంతసేపు సందర్శకుల కంప్యూటర్ మైనింగ్ చేసే ఏర్పాటు చేసింది.

పనిచేసే విధానం

చిరునామా, ధ్రువీకరణ: సంస్థ తన వాలెట్ చిరునామాను, సాధారణంగా క్యూఆర్ కోడ్‌తో, ప్రకటిస్తుంది. దాత పంపిన లావాదేవీ బ్లాక్‌చెయిన్‌లో నమోదవుతుంది. బిట్‌కాయిన్‌లో కొత్త బ్లాక్ సగటున 10 నిమిషాలకు, ఇథీరియంలో సుమారు 12 సెకన్లకు చేరుతుంది. ఒకసారి ధ్రువీకరణ అయిన చెల్లింపును వెనక్కి తీసుకునే మార్గం లేదు. తప్పు చిరునామాకు పంపిన నాణేలు, గ్రహీత తిరిగి పంపితే తప్ప, రావు.

నిధి సంరక్షణ: వాలెట్‌ను నడిపేది ప్రైవేట్ కీ అనే రహస్య సంకేతం. అది ఒక్కరి చేతిలో ఉంటే పోగొట్టుకునే ప్రమాదం, దుర్వినియోగమయ్యే ప్రమాదం రెండూ ఉంటాయి. అందుకని పెద్ద నిధులకు బహుళ సంతకాల వాలెట్లు వాడతారు. ఉదాహరణకు అయిదుగురు ధర్మకర్తల్లో ముగ్గురు సంతకం చేస్తేనే సొమ్ము కదిలేలా ఏర్పాటు చేయవచ్చు.

మార్పిడి: ఆసుపత్రులు, మందుల సరఫరాదారులు చాలావరకు స్థానిక ద్రవ్యమే తీసుకుంటారు. నాణేలను ఎక్స్ఛేంజిలో అమ్మి డాలర్లుగానో రూపాయలుగానో మార్చాలి. వెంటనే మార్చితే ధర పడిపోయే ప్రమాదం తప్పుతుంది, పెరిగే అవకాశం పోతుంది. డాలరుతో ముడిపడిన యూఎస్‌డీసీ వంటి స్టేబుల్‌కాయిన్లలోకి మార్చి ఉంచడం మధ్యేమార్గం.

జవాబుదారీ: బ్లాక్‌చెయిన్ అందరికీ కనిపించే ఖాతా పుస్తకం. ఏ చిరునామాకు ఎంత వచ్చింది, ఎప్పుడు కదిలింది అన్నది ఎవరైనా చూడవచ్చు. ఈ పారదర్శకత నాణెం ఎక్స్ఛేంజికి చేరేవరకే. ఆపై సొమ్ము బ్యాంకు ఖాతాలోకి వెళ్లాక, సరుకు నిజంగా కొన్నారా, బాధితులకు అందిందా అన్నది రసీదులు, ఆడిట్ నివేదికల ద్వారానే తెలుస్తుంది.

క్వాడ్రాటిక్ లెక్క: ఒక ప్రాజెక్టుకు వచ్చిన ప్రతి విరాళానికి వర్గమూలం తీసి, వాటన్నిటినీ కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేస్తారు. 100 మంది తలా 1 డాలరు ఇస్తే 100 వర్గం 10,000 వస్తుంది. ఒక్కరే 100 డాలర్లు ఇస్తే వర్గమూలం 10, దాని వర్గం 100 మాత్రమే. రెంటికీ వచ్చిన విరాళం సమానమైనా ఉమ్మడి నిధిలో మొదటి ప్రాజెక్టుకు చాలా పెద్ద వాటా దక్కుతుంది. చేతిలో ఉన్న నిధిని మించకుండా ఈ వాటాలను అదే నిష్పత్తిలో తగ్గించి పంచుతారు. ఒకే వ్యక్తి అనేక ఖాతాలు తెరిచి విరాళాన్ని ముక్కలు చేస్తే లెక్క తప్పుతుంది కనుక దాతల గుర్తింపును నిర్ధారించడం ఈ పద్ధతికి ప్రాణం.

భారతదేశంలో: క్రిప్టో రిలీఫ్

2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్, పడకల కొరత తీవ్రమైనప్పుడు పాలిగాన్ బ్లాక్‌చెయిన్ సహ వ్యవస్థాపకుడు సందీప్ నైల్వాల్ ఇండియా కోవిడ్ క్రిప్టో రిలీఫ్ ఫండ్‌ను ప్రారంభించారు. విటాలిక్ బ్యుటెరిన్ తొలి రోజుల్లోనే విరాళమిచ్చారు. ఆస్ట్రేలియా మాజీ క్రికెటర్ బ్రెట్ లీ ఆసుపత్రుల్లో ఆక్సిజన్ సరఫరా కోసం 1 బిట్‌కాయిన్ ఇచ్చారు.

2021 మే 12న బ్యుటెరిన్ ఈ నిధికి 500 ఈథర్లను, 50 లక్షల కోట్ల షిబా ఇను నాణేలను పంపారు. షిబా ఇను సృష్టికర్తలు ప్రచారం కోసం మొత్తం నాణేల్లో సగాన్ని ఆయన అడగకుండానే ఆయన వాలెట్‌లో వేశారు. ఇచ్చిన వాటా విలువ నాటి ధర ప్రకారం సుమారు 100 కోట్ల డాలర్లు. అయితే అంత రాశిని ఒకేసారి కొనే సామర్థ్యం మార్కెట్‌కు లేదు. వార్త వెలువడగానే ధర గట్టిగా పడింది. నిర్వాహకులు నాణేలను విడతలుగా, జాగ్రత్తగా అమ్మవలసి వచ్చింది. కాగితం మీది విలువకూ చేతికొచ్చే సొమ్ముకూ ఉండే తేడా ఈ ఉదంతంలో స్పష్టమైంది.

మార్కెట్ తరువాత రెండో అవరోధం చట్టం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద అనుమతి పొందిన సంస్థలే విదేశీ విరాళం తీసుకోవాలి. 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకు రావాలి. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న స్వచ్ఛంద సంస్థలతో సహా, దేశంలో ఈ అనుమతి లేని వేటికీ ఆ నిధి నుంచి నేరుగా సాయం అందే వీలు లేదు. నిధిలో కొంత భాగం పెద్ద సంస్థల ద్వారా ఖర్చయింది. టీకాల కోసం 16 కోట్ల సిరంజిల కొనుగోలుకు యూనిసెఫ్‌కు 1.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2022 జనవరిలో, ప్రపంచవ్యాప్త కోవిడ్ పరిశోధనలకు వేగంగా వాడేందుకు 10 కోట్ల డాలర్ల స్టేబుల్‌కాయిన్లను బ్యుటెరిన్‌కు తిరిగి పంపారు. విరాళం ఒక్క రోజులో వచ్చినా దాని పంపిణీ నెలల తరబడి సాగింది.

చట్టం, పన్నులు

అమెరికా: ఆ దేశ పన్ను శాఖ 2014లో క్రిప్టోకరెన్సీని ద్రవ్యంగా కాక ఆస్తిగా పరిగణించింది. ఏడాదికి మించి ఉంచుకున్న నాణేన్ని దానం చేస్తే పెరిగిన విలువపై మూలధన లాభ పన్ను ఉండదు. నిర్ణీత పరిమితులకు లోబడి మార్కెట్ విలువ మేరకు ఆదాయంలో మినహాయింపు లభిస్తుంది. 5,000 డాలర్లు మించిన మినహాయింపునకు అర్హుడైన మదింపుదారు ధ్రువపత్రం అవసరం. ధరలు పెరిగినప్పుడు నాణేలను అమ్మకుండా నేరుగా దానం చేయడానికి ఈ నియమాలు బలమైన ప్రేరణ.

భారతదేశం: రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో బ్యాంకులను క్రిప్టో లావాదేవీలకు దూరంగా ఉండమని ఆదేశించింది. ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 బడ్జెట్‌తో వర్చువల్ డిజిటల్ ఆస్తుల బదిలీ లాభంపై 30 శాతం పన్ను, ఆ ఏడాది జులై 1 నుంచి లావాదేవీలపై 1 శాతం టీడీఎస్ అమల్లోకి వచ్చాయి. 2023 మార్చిలో ఈ రంగాన్ని మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. ఆదాయపు పన్ను చట్టం కింద విరాళాలకు లభించే మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే పరిమితం. వస్తు రూప విరాళానికి అది వర్తించదు. అందువల్ల అమెరికా దాతకున్న పన్ను ప్రేరణ భారత దాతకు లేదు.

అంతర్జాతీయ నియంత్రణ: ఆర్థిక చర్యల కార్యదళం (ఎఫ్‌ఏటీఎఫ్) 2019 జూన్‌లో ఎక్స్ఛేంజిలు పంపేవారి, అందుకునేవారి వివరాలు నమోదు చేయాలని సూచించింది. ధర్మకార్యాల ముసుగులో ఉగ్రవాద సంస్థలకు సాగిన క్రిప్టో సేకరణలపై అమెరికా న్యాయశాఖ 2020 ఆగస్టులో జప్తు చర్యలు చేపట్టింది.

ప్రాముఖ్యం

బ్యాంకులు మూతపడిన చోట, యుద్ధం చెలరేగిన చోట, చెల్లింపు సంస్థలు నిరాకరించిన చోట సహాయం చేర్చే మార్గం ఉండటం ఈ దాతృత్వపు మొదటి ప్రయోజనం. హఠాత్తుగా సంపద పెరిగిన యువతరం నుంచి, సాధారణ విరాళ సేకరణకు అందని దాతల నుంచి సొమ్ము రావడం రెండోది. చిన్న మొత్తాలను ఎందరో దాతల నుంచి తక్కువ ఖర్చుతో పోగుచేయడం, చిన్న దాత మాటకు విలువనిచ్చే క్వాడ్రాటిక్ ఫండింగ్ వంటి కొత్త పంపిణీ పద్ధతులను ఆచరణలో పరీక్షించడం మూడోది.

విమర్శలు, పరిమితులు

ధరల అస్థిరత: నెలల వ్యవధిలో సగం విలువ కోల్పోయే నాణెం మీద సంస్థలు వార్షిక ప్రణాళిక వేసుకోలేవు. ధరలు పడిన కాలంలో దానాలు తగ్గుతాయి.

పర్యావరణం: బిట్‌కాయిన్ మైనింగ్ భారీగా విద్యుత్తు వాడుతుంది. ఈ కారణంగా మొజిల్లా 2022 జనవరిలో స్వీకరణను తాత్కాలికంగా ఆపింది. వికీమీడియా సముదాయంలో జరిగిన చర్చలో ఓటు వేసినవారిలో 71 శాతం నిలిపివేతను కోరారు. 2022 మేలో ఆ ఫౌండేషన్ స్వీకరణ మానింది. అప్పటికి దాని ఆదాయంలో క్రిప్టో వాటా 0.08 శాతమే. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ అవసరం లేని కొత్త పద్ధతికి మారి తన విద్యుత్ వినియోగాన్ని 99 శాతానికి పైగా తగ్గించింది. బిట్‌కాయిన్ పాత పద్ధతిలోనే కొనసాగుతోంది.

మోసాలు: విపత్తు సమయాల్లో నకిలీ చిరునామాలు, నకిలీ ధార్మిక నాణేలు పుట్టుకొస్తాయి. చెల్లింపు వెనక్కి రాదు కనుక దాతకు నష్టం శాశ్వతం. చిరునామాను సంస్థ అధికారిక ప్రకటనతో సరిచూసుకోవడమే ప్రధాన రక్షణ.

అధికార కేంద్రీకరణ: వికేంద్రీకరణ పేరుతో మొదలైనా పెద్ద నిధుల్లో నిర్ణయాలు కొద్దిమంది దాతల, నిర్వాహకుల చేతిలోనే ఉంటున్నాయి. డావోల్లోనూ ఎక్కువ నాణేలున్నవారికి ఎక్కువ ఓట్లుండటం మామూలు.

ఇవీ చూడండి

బిట్‌కాయిన్; బ్లాక్‌చెయిన్; ఇథీరియం; డోజ్‌కాయిన్; స్టేబుల్‌కాయిన్; ఎన్‌ఎఫ్‌టీ; వికేంద్రీకృత స్వయంపాలక సంస్థ; క్రౌడ్ ఫండింగ్; క్వాడ్రాటిక్ ఫండింగ్; విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010; మనీ లాండరింగ్ నిరోధక చట్టం; యూనిసెఫ్